ఆకస్మిక దాడికి దరఖాస్తు

పైడిరాజు సినిమాలో శత్రువులు తెల్లవారుజామున అయిదున్నరకి గుట్ట ఎక్కి రావాలి. రావడానికి శత్రువులకేమీ అభ్యంతరం లేదు. ఎప్పుడు రమ్మంటే అప్పుడు టోపీలు పెట్టుకుని వచ్చేస్తామని వారం రోజులుగా చెబుతూనే ఉన్నారు. అభ్యంతరమల్లా మండలికి.

ఈ మండలి సంగతి కొంచెం చెప్పాలి. ఆ ఏడాది ఎవరిని చూసినా యుద్ధం సినిమాల పిచ్చి. హీరోలందరూ జుట్టు కత్తిరించుకుని మూకుమ్మడిగా సైన్యంలో చేరిపోయారు. ఒకాయన పైకి లేస్తున్న విమానాన్ని తోక పట్టుకుని ఆపేశాడు. ఇంకొకాయన పాట పల్లవిలో సరిహద్దు దాటి, రెండో చరణం అయ్యేలోగా పని ముగించుకుని తిరిగొచ్చాడు. ఇలా వదిలేస్తే సైన్యం పరువేం కావాలని పైవాళ్ళకి బెంగ పుట్టింది. బెంగ పుట్టిన పదిరోజులకి 'శౌర్య చలనచిత్ర ముందస్తు పరిశీలనా మండలి' పుట్టింది. అంత పేరూ బోర్డులో పట్టక చివరి రెండక్షరాలూ గోడమీద రాయించారు. ఇక మీదట ఎవరు యుద్ధం సినిమా తీయాలన్నా ముందు కథ అక్కడికి వెళ్ళాలి. మండలి ముద్ర పడితే తప్ప కర్ర తుపాకీ కూడా బయటికి తీయడానికి వీల్లేదు.

పైడిరాజు పద్నాలుగేళ్ళు ఇతరుల సినిమాలకి అసిస్టెంటు డైరెక్టరుగా చేసి, మొదటిసారి సొంతంగా ఒకటి మొదలుపెట్టాడు. కథ అతను కల్పించింది కాదు. పాలకొండ దగ్గర వాళ్ళ ఊళ్ళో కూర్మారావు తాత అని ఒకాయన ఉన్నాడు. యాభై ఏళ్ళ కిందట సైన్యంలో పనిచేశాడు. పటంలో అంకె తప్ప పేరు కూడా లేని ఒక గుట్ట మీద పదకొండు మంది కాపలా ఉండగా, ఒకనాటి తెల్లవారుజామున తొమ్మిది వందల మంది వచ్చి మీదపడ్డారు. పదకొండు మందీ గుట్ట వదల్లేదు. తూటాలు అయిపోతే రాళ్ళు విసిరారు. సాయంత్రానికి మన దళం వచ్చి చేరేసరికి గుట్ట మనదే, కానీ పదకొండు మందిలో మిగిలింది కూర్మారావు ఒక్కడే.

"నాకేటీ అక్కర్నేదు బాబూ," అన్నాడు తాత, కథ అంతా చెప్పాక. "ఆ పదిమంది పేర్లూ ఒకపాలి గట్టిగా ఇనబడాల. అదే సాలు. ఆల పేర్లు ఎవుడికీ తెల్దు. నాను పోతే తెలిసినోడే నేడు. ఓ కన్ను ఎప్పుడో పోనాది. రెండోది ఈ ఏడు దాటదని డాట్రుబాబు సెప్పీసినాడు. సూపు ఉండగానే సూపించీ."

చూపిస్తానని పైడిరాజు తాత చేతిలో చెయ్యి వేశాడు. ఒక్కొక్కడూ నేలకొరిగేటప్పుడు పక్కనున్నవాడు వాడి పేరు పెట్టి అరుస్తాడు. కథంతా ఆ పది అరుపుల కోసమే రాశాడు. రాసి, చదువుకుని, తనే కళ్ళు తుడుచుకుని, మండలికి పట్టుకెళ్ళాడు.

మండలి అధ్యక్షులు వేమకోటి సత్యప్రసాదరావు గారు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫయ్యారేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. యుద్ధాల గురించి ఏమీ తెలియకపోయినా తూకం తెలిసిన మనిషి కనక మంచిచెడ్డలు తూచగలరని వేశారు. ఆయన పక్కన సూపరింటెండెంటు దక్షిణామూర్తి గారు. ఈయనకి నియమావళి మొత్తం కంఠతా వచ్చు. మూడో సభ్యుడు క్రీడాశాఖ నుంచి వచ్చినాయన. కుర్చీలో కూర్చున్న అయిదు నిమిషాల్లో కునుకు తీసేవాడు.

దక్షిణామూర్తి గారు మొదటి పేజీ మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయారు.

"ఆకస్మికంగా దాడి చేస్తారు అని రాశారు."

"అవునండీ. హఠాత్తుగా వచ్చి పడతారండీ."

"హఠాత్తు గురించి నేను మాట్లాడటం లేదు. హఠాత్తుకి నియమావళిలో స్థానం లేదు. ఆకస్మికానికి ఉంది. ఆకస్మిక సెలవు ఎప్పుడు పెడతారో తెలుసా మీకు?"

"ఒంట్లో బాగోనప్పుడండీ."

దక్షిణామూర్తి గారు జాలిగా నవ్వారు. "ముందురోజు పెడతారు. ముందుగా దరఖాస్తు ఇచ్చి పై అధికారి అనుమతి పొందిన సెలవునే ఆకస్మిక సెలవు అంటారు. ఆకస్మిక తనిఖీ కూడా అంతే. నా సర్వీసులో నలభై ఆకస్మిక తనిఖీలు చూశాను. ప్రతిదానికీ వారం ముందు ఉత్తరం వచ్చింది. భోజనంలోకి వంకాయ వద్దు, బెండకాయ చాలు అని కూడా అందులో ఉండేది. కాబట్టి ఆకస్మిక దాడి అన్నప్పుడు, సదరు దాడికి ముందుగా దరఖాస్తు అందిందా లేదా అన్నది కథలో ఎక్కడా కనబడటం లేదు."

"శత్రువు దరఖాస్తు ఎందుకు పెడతాడండీ?" అన్నాడు పైడిరాజు, నోరు వెళ్ళబెట్టి.

"పెట్టకపోతే అది ఆకస్మిక దాడి కాదు. అనధికార హాజరు."

అధ్యక్షుల వారు గొంతు సవరించుకున్నారు. "ఇంకొక కోణం కూడా ఉంది. చెప్పకుండా వచ్చారంటే మనవాళ్ళకి ముందు తెలియలేదనే కదా అర్థం? తెలుసుకోవడానికి ఒక శాఖ ఉందే, ఆ శాఖ ఏమనుకుంటుంది? కాబట్టి దీన్ని ముందస్తు సమాచారంతో కూడిన ఆకస్మిక దాడిగా సవరించవలసిందని మండలి అభిప్రాయం. రికార్డు చేయండి."

పైడిరాజు లోపల లెక్క వేసుకున్నాడు. ఒక ఉత్తరం వస్తుంది, ఒకడు చదువుతాడు, అర నిమిషం. ఆ తర్వాత యుద్ధం యుద్ధమే. సరేనన్నాడు. బయటికొచ్చి తాతకి ఫోన్ చేశాడు.

"కథ కొంచెం మార్చమన్నారు తాతా."

"మార్సనీ బాబూ. పేర్లున్నాయా?"

"ఉన్నాయి తాతా."

"మరింకేటి!"

రెండోసారి వెళ్ళేసరికి అధ్యక్షుల వారు కాగితం మీద త్రాసు బొమ్మ వేసి పెట్టుకున్నారు. ఒక పళ్ళెంలో పదకొండు, రెండో పళ్ళెంలో తొమ్మిది వందలు.

"ఇదేం తూకమయ్యా? ముల్లు ఒకవైపుకి వాలిపోయింది."

"అదేనండీ కథ! అంతమంది మీద పదకొండు మందే నిలబడ్డారండీ."

"పదకొండు మందే ఎందుకున్నారు? మిగతా పోస్టులు ఖాళీగా ఉన్నాయా? ఖాళీలు తెరమీద చూపిస్తే నియామకాల శాఖ ఊరుకుంటుందా? మనవాళ్ళని కూడా తొమ్మిది వందలు చేసెయ్యండి."

పైడిరాజు రెండు చేతులూ జోడించాడు. "నాకు తెలిసినవి పదకొండు పేర్లేనండీ. మిగతా ఎనిమిది వందల ఎనభై తొమ్మిది మందికీ పేర్లు ఎక్కణ్ణుంచి తేనండీ?"

"అయితే వాళ్ళని తగ్గించండి. పదకొండుకి పదకొండు. ముల్లు మధ్యలో నిలబడాలి. రికార్డు చేయండి."

ఆ మాటకి క్రీడాశాఖ ఆయనకి ఠక్కున మెలకువ వచ్చింది. "టాస్ ఎవరు గెలిచారు?" అన్నాడు.

ఇది క్రికెట్టు కాదని ఆయనకి నచ్చచెప్పడానికి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా పట్టింది. పూర్తిగా నచ్చలేదు కూడా. పదకొండుకి పదకొండు మంది మైదానంలోకి దిగాక అంపైరు లేకుండా ఆడించడం ఆయన శాఖ దృష్టిలో అరాచకం. చివరికి అంపైరు లేకుండా పోనిచ్చి, మధ్యలో మంచినీళ్ళ విరామం పెట్టేలా రాజీ కుదిరింది. శత్రువు అన్న మాట కూడా ఎవరి మనసైనా నొప్పిస్తుందని కొట్టేసి, అవతలి పక్షం వారు అని రాశారు.

మూడోసారి రాళ్ళ దగ్గరికి వచ్చారు. తూటాలు అయిపోయాయంటే సరఫరాల శాఖ మీద నింద కనక అవి అయిపోవడానికి వీల్లేదన్నారు. అవి అయిపోకపోతే రాళ్ళెందుకని పైడిరాజు ఆ ముక్క కొట్టేయబోయాడు. అధ్యక్షుల వారు చెయ్యి అడ్డం పెట్టారు. ముప్ఫయ్యారేళ్ళు తను ప్రేమించిన మాట కథలో మొదటిసారి కనబడింది మరి.

"రాళ్ళు ఉండనీ. ఎంత రాయి విసురుతారు?"

"చేతికి దొరికినంతండీ."

"అలా కుదరదు. కిలో రాయా, అరకిలో రాయా?"

"గుట్టమీద రాళ్ళండీ, వాటికి కిలోలేమిటండీ..."

"ముద్ర లేని రాయి వాడటం నేరం!" అధ్యక్షుల వారి కంఠం హాలంతా మోగింది. "భారత సైనికుడు ముద్ర లేని రాయి విసిరాడని రేపు ప్రపంచం అనుకోవాలా?"

పైడిరాజు కళ్ళు తేలేశాడు. ఆ సాయంత్రం తాతకి ఫోన్ చేసి, మీరు విసిరినవి కిరాణా కొట్లో ఉండే ఇనపరాళ్ళని రాశాం, ఏమనుకోవద్దు అన్నాడు. "అయ్యుంటే ఇంకా దూరం ఎల్లీవి బాబూ," అన్నాడు తాత. "పేర్లున్నాయి గదా?"

"ఉన్నాయి తాతా."

నాలుగోసారి అవి కూడా పోయాయి.

"పదిమంది విధినిర్వహణలో మరణించినట్టు ప్రతిపాదించారు," అన్నారు దక్షిణామూర్తి గారు. "పది మరణాలంటే పది కారుణ్య నియామకాలు. ప్రస్తుతం ఖాళీలు లేవు. ఖాళీలు లేనప్పుడు మరణాలు మంజూరు చేయడం సాధ్యపడదు."

"మొన్న ఖాళీలున్నాయనే కదండీ..."

"చూపించొద్దన్నాం. అందుకే లేవు."

"ఇది సినిమా అండీ!"

"సినిమా అయితే మాత్రం? రేపు అది చూసి పది ఇళ్ళవాళ్ళు దరఖాస్తులు పట్టుకొస్తే ఎవరు సమాధానం చెప్పాలి?"

పైడిరాజుకి ఒళ్ళు మండిపోయింది. అంతవరకూ 'అండీ' లేకుండా మాట్లాడనివాడు బల్లమీద చరిచి లేచాడు. "వాళ్ళు నిజంగా చచ్చిపోయారు! పదిమంది! ఒక్కొక్కడికీ పేరుంది. ఆ పేరు పిలిచే చోటే లేకుండా చేస్తే ఇంక నేను తీసేదేమిటి?"

అధ్యక్షుల వారు కోప్పడలేదు. ఆయన చెడ్డమనిషి కాదు. తన గ్లాసులో మంచినీళ్ళు అతని వైపు జరిపారు. "ఆ సంగతి మాకు రాతపూర్వకంగా రాలేదు కదా నాయనా," అన్నారు. "ఎవరూ మరణించరు. రికార్డు చేయండి."

ఆ సాయంత్రం తాత మూడుసార్లు ఫోన్ చేశాడు. పైడిరాజు ఎత్తలేదు. సినిమా మానేద్దామనుకున్నాడు. మానేస్తే ఇంకొకటి మొదలై పూర్తయ్యేలోగా ముసలాయన చూపు ఉండదు. ఆ గుట్టా, దానిమీద పదకొండు మందీ, అదైనా తాత కంటికి కనబడితే చాలు, పేర్ల సంగతి కాళ్ళమీద పడి చెప్పుకుందాం అనుకున్నాడు. తనని తను అసహ్యించుకుంటూ షూటింగు పెట్టుకున్నాడు.

ఊరవతల ఒక పాత క్వారీ గుట్ట మీద సెట్టు వేశారు. పర్యవేక్షణకి దక్షిణామూర్తి గారు గొడుగూ, మడత కుర్చీతో దిగారు. యాక్షన్ అనగానే అవతలి పక్షం వారు పదకొండు మందీ కేకలు వేసుకుంటూ గుట్ట ఎక్కారు.

"ఆపండి!" అన్నారు దక్షిణామూర్తి గారు. "దరఖాస్తుదారులు అరుస్తారా? వరసలో రమ్మనండి."

వరసలో వచ్చారు. అవతలి నాయకుడి వేషం కట్టినాయన ఇరవయ్యేళ్ళుగా విలన్లు వేసిన మనిషి. నవ్వితేనే పిల్లలు జడుసుకునేవారు. ఆయన తుపాకీ భుజానికి తగిలించుకుని, రెండు చేతులా దరఖాస్తు పట్టుకుని, "అయ్యా, దాడి నిమిత్తం వచ్చాం," అన్నాడు.

మన కాపలా సైనికుడు దాన్ని తిరగేసి చూశాడు. "ఫోటోలేవి?"

"ఎన్ని కావాలండీ?"

"మనిషికి రెండు. వెనక గెజిటెడ్ అధికారి సంతకం ఉండాలి." ఈ మాటలన్నీ దక్షిణామూర్తి గారు కుర్చీలోంచి అందిస్తున్నవే. ఆయన ముఖం వెలిగిపోతోంది. జన్మకి ఇలాంటి రోజు వస్తుందని ఆయన అనుకోలేదు.

మనవాళ్ళు తూటాలు నింపుకుని, ముద్రవేసిన ఇనపరాళ్ళు బరువు వారీగా పేర్చుకుని, ఏ క్షణాన దాడి మంజూరైనా ఎదుర్కోవడానికి సిద్ధంగా నిలబడ్డారు. అవతలివాళ్ళు బల్ల మీద కూర్చున్నారు. బల్ల మీద ఎనిమిది మందికే చోటుంది. మిగతా ముగ్గురికీ నిలబడి కాళ్ళు లాగాయి. నేను ముందొచ్చానంటే నేను ముందొచ్చానని వాళ్ళలో వాళ్ళకే మాటా మాటా పెరిగింది. మంచినీళ్ళ విరామం ఇచ్చారు. విరామం తర్వాత, దాడికి కారణం అన్న గడిలో వాళ్ళు 'స్వంత పనుల నిమిత్తం' అని రాసినట్టు బయటపడింది. అది చెల్లదు. పైగా పెట్టిన తేదీ రెండో శనివారం. సాయంత్రం నాలుగున్నరకి అవతలి నాయకుడు టోపీ తీసి ముఖం తుడుచుకుని, "మా ఊరెళ్ళి సంతకాలు చేయించుకొస్తామండీ," అన్నాడు. పదకొండు మందీ తలలు వేలాడేసుకుని గుట్ట దిగిపోయారు. వెనక వీరరసం సంగీతం.

తీసినంత వరకూ చూసి అధ్యక్షుల వారు కంటనీరు పెట్టుకున్నారు. "ఒక్క తూటా పేలలేదు. ఒక్క రాయి లేవలేదు. విజయం! ఇదయ్యా వ్యవస్థ బలం అంటే!"

"ఒక్క లోపం ఉంది," అన్నారు దక్షిణామూర్తి గారు. "ఉదయం మనవాళ్ళు పదకొండు మందీ హాజరుపట్టీలో సంతకాలు పెట్టారు. సాయంత్రం హాజరు ఏదీ? సంతకం పెట్టేసి మధ్యాహ్నమే ఇళ్ళకి జారుకున్నారని జనం అనుకోరూ? చీకటి పడుతుంది కాబట్టి పేర్లు పైకి చదివి హాజరు తీసుకోవలసింది."

"పేర్లు పైకి చదవచ్చా అండీ?" అన్నాడు పైడిరాజు.

"చదవకుండా హాజరు ఎలా తీస్తారు?"

ఆ దృశ్యం అరగంటలో తీసేశాడు. నటులు అలసిపోయి ఆవలిస్తున్నారు. అతనికీ మనసు లేదు. తాత రాయించిన వరసలోనే పేర్లు రాసిచ్చి, కెమెరా ఒకచోట పెట్టి, కానిచ్చేశాడు.

మొదటి ప్రదర్శన మండలి వారి సొంత హాల్లోనే జరిగింది. తాత రాత్రి బండి ఎక్కి పొద్దున్నే దిగాడు. ఇస్త్రీ చేసిన కోటు, దానికి ఒకే ఒక పతకం. పైడిరాజు ఆయన్ని మూడో వరసలో కూర్చోబెట్టి, మొహం చూడలేక తలుపు దగ్గరికి పోయి నిలబడ్డాడు.

హాలు హాలంతా పడీ పడీ నవ్వింది. ఫోటోల దగ్గర నవ్వారు, బల్ల దగ్గర నవ్వారు, రెండో శనివారం దగ్గర కుర్చీలు ఊగిపోయాయి. అధికారులు తమ గొప్పతనానికి మురిసి నవ్వుతుంటే, మిగతావాళ్ళు ఎందుకో తెలిసే నవ్వుతున్నారు. తాత మాత్రం నవ్వలేదు. ఉన్న ఒక్క కన్నూ తెరకి అంటించేసి కూర్చున్నాడు. నవ్వు వినబడినప్పుడల్లా పైడిరాజుకి చెంప మీద కొట్టినట్టయింది.

తెరమీద పొద్దు వాలింది. హాజరు తీయడానికి గుట్టెక్కి వచ్చిన సుబేదారు పుస్తకం తెరిచాడు.

"మస్తాన్!"

"హాజర్ సాబ్!"

"యాకోబు!"

"హాజర్ సాబ్!"

ఎర్రన్న. సిద్ధప్ప. తమ్మినాయుడు. గురుమూర్తి. ఒక్కొక్కడూ ఒక అడుగు ముందుకు వేసి పలుకుతున్నాడు. మూడో వరసలో ముందు కుర్చీ పట్టుకుని ముసలాయన లేచి నిలబడ్డాడు. వెనకవాళ్ళు కూర్చోమన్నా ఆయనకి వినబడలేదు. లక్ష్మణన్. కొండయ్య. ప్రకాశం. చిన్నారావు. చిట్టచివర కూర్మారావు పేరు పిలిచేసరికి తెరమీద కుర్రాడూ, హాల్లో ముసలాయనా ఒక్కసారే పలికారు. నవ్వులు ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

దీపాలు వెలిగాక పైడిరాజు వచ్చి కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నువ్వు చెప్పినట్టు తీయలేకపోయాను తాతా. అంతా వెటకారం చేసేశాను. నన్ను క్షమించు."

"ఏటి సెమించీది?" తాత అతని భుజం పట్టుకుని లేపాడు. "నీకు సెప్పనేదు గానీ, ఆయేల మస్తానుగాడు గెడ్డం గీసుకుంతన్నాడు. ఓ సెంప అయినాది. రెండో సెంపకి సబ్బు రాసుకున్నాడు. అంతే, వొచ్చీసినారు. యాభై ఏళ్ళయి రోజూ తెల్లారగట్ట ఆడు అలాగే పోతన్నాడు, నాను సూస్తన్నాను. నువ్వు నాను సెప్పింది సెప్పినట్టు తీసుంటే ఈయేల మళ్ళీ సూద్దును." కోటు చేత్తో కన్ను తుడుచుకున్నాడు. "ఈయేల సాయంత్రానికి అందరూ ఉన్నారు బాబూ. మస్తానుగాడు నున్నగా గీసుకున్నాడు. సూసినావా?"

పైడిరాజు ఏడ్చేశాడు.

అధ్యక్షుల వారు దక్షిణామూర్తి గారిని వెంటబెట్టుకుని అభినందనలకి వచ్చారు. చిత్రం వాస్తవానికి దగ్గరగా ఉందా అని పెద్దాయన్ని అడిగారు. తాత ఇంకా ఖాళీ తెర వైపే చూస్తున్నాడు.

"మళ్ళీ ఎప్పుడేస్తారు బాబూ? సూపు ఉండగా ఇంకొక్కపాలి సూడాలి."

"ప్రత్యేక ప్రదర్శన వేయవచ్చు," అన్నారు దక్షిణామూర్తి గారు. సంచీలోంచి ఒక ఫారం తీసి అందించారు. "దరఖాస్తు ఇవ్వాలి. చూడటానికి ఎంతమంది వస్తారో అందులో స్పష్టంగా ఉండాలి."

తాతకి అక్షరాలు ఆనవు. పైడిరాజు కళ్ళు తుడుచుకుని, కుర్చీ చేతిమీద ఫారం పెట్టుకుని, పేరూ ఊరూ నింపాడు.

"ఎంతమంది అని రాయమంటావు తాతా?"

"పదకొండు మందిమి," అన్నాడు కూర్మారావు తాత.

పైడిరాజు అలాగే రాశాడు.